పట్టీ వేసిన పేజీ

ఐరీన్ కంటి డాక్టరు దగ్గర్నుంచి వచ్చి, కోటైనా విప్పకుండా వంటింటి కుర్చీలో కూర్చుని, "నారిస్, గిలియన్ పుస్తకం తియ్యి," అంది.

కెటిల్‌లో నీళ్ళు పడుతున్న నారిస్ సగ్డెన్ వెనక్కి తిరగలేదు. కెటిల్ నిండి పొర్లిపోతున్నా కొళాయి కట్టలేదు.

"ఏ పుస్తకం?"

"దానికి వందున్నాయేమిటి? ఆఖరి క్రిస్మస్‌కి కొన్నది. పట్టీ అంటించింది చూడూ, అది. వచ్చే క్రిస్మస్‌కల్లా నాకు అక్షరాలు కనపడవుట. చూపు అంచులు మిగుల్తాయిట, మధ్యలో అంతా మసకేనట. ఆ డాక్టరు పిల్లాడు ఎంత మర్యాదగా చెప్పాడనుకున్నావ్, బిస్కెట్ ఇస్తున్నట్టే చెప్పాడు. అంచేత ఉన్న చూపుతో అది చదివేస్తాను."

"ముందు టీ తాగు."

"టీ ఎక్కడికీ పోదు. కళ్ళే పోతున్నాయి."

"అది పైన అటక మీద పెట్టెలో ఉంది. భద్రంగా చుట్టి పెట్టాను. వెతకాలి. ఆదివారం తీస్తాలే."

ఆ రోజు గురువారం. ఐరీన్ చేతి తొడుగులు ఒక్కో వేలూ లాగి విప్పుకుంటూ అంది: "ముప్పై ఏళ్ళ నుంచీ నీ పుస్తకాల బీరువాని తిడుతూనే ఉన్నాను. పిల్లల పుస్తకాలకి తాళం వేసుకునే ముసలాడు ఈ హాలిఫాక్స్ ఊరు మొత్తం మీద నువ్వొక్కడివేనని మా అక్కతో కూడా అన్నాను. కానీ లోపల్లోపల, పోన్లే, నేను ముట్టుకోలేనిదాన్ని ఈయన కాపాడుతున్నాడు కదా అనుకునేదాన్ని. ఆ ఒక్క పుస్తకం కోసమే ఆ బీరువాని ఇంట్లో ఉండనిచ్చాను."

నారిస్ అప్పుడు కొళాయి కట్టాడు. ఆ పుస్తకం అటక మీద లేదు. బీరువాలో లేదు. పద్నాలుగేళ్ళ కిందటే ఆ ఇల్లు దాటిపోయింది.

*

హాలీబెర్రీ ఆన్యువల్ అనే పిల్లల పుస్తకం ఏటా శరదృతువులో, వచ్చే ఏడాది అంకె అట్ట మీద వేసుకుని, దుకాణాల అద్దాల్లోకి వచ్చేది. గట్టి అట్ట, మొద్దు కాగితం, కథలూ పొడుపుకథలూ బొమ్మలూ. క్రిస్మస్ పొద్దున మంచం కాళ్ళ దగ్గర దిండు గలీబులో నారింజపండు పక్కన అది లేకపోతే పిల్లలకి పండగ కాదు.

అరవై ఎనిమిది అంకె వేసిన పుస్తకం వాళ్ళ కూతురు గిలియన్‌కి ఆసుపత్రి మంచం మీద అందింది. తొమ్మిదేళ్ళ పిల్ల, రక్తం జబ్బు. పుస్తకం నడిమిలో "ఈ ఏడాది నేను చేయబోయేవి" అని ఒక పేజీ, నెలకొకటి చొప్పున పన్నెండు ఖాళీ గీతలు. మోకాళ్ళు పైకి మడిచి, అడ్డం పెట్టుకుని, నాలుక బయటపెట్టి, పెన్సిల్‌తో రెండు రోజులు రాసింది. తరవాత నర్సు దగ్గర గాయాలకి అంటించే గులాబీరంగు పట్టీ అడుక్కుని, ఆ పేజీని ఎదుటి పేజీకి, పట్టీ కొస పుస్తకం బయటికి కనపడేలా, అంటించేసింది. పట్టీ మీద "అమ్మ పుట్టినరోజు దాకా తియ్యకూడదు" అని రాసింది.

ఐరీన్ పుట్టినరోజు మార్చి పన్నెండు. పిల్ల ఫిబ్రవరిలోనే వెళ్ళిపోయింది.

ఆ మార్చిలో ఐరీన్ పట్టీ తియ్యలేదు. మరుసటి మార్చిలోనూ తియ్యలేదు. నాకోసం పెట్టింది కనక నాన్న తియ్యకూడదని మాత్రం ఒకసారి అంది. నారిస్ తియ్యలేదు.

పిల్ల పోయిన ఏడు శరదృతువులో, తను పనిచేసే బస్సుల డిపో నుంచి ఇంటికి వస్తూ, పేపర్ల కొట్టు అద్దంలో కొత్త ఆన్యువల్ చూశాడు. ఏటా కొనే చెయ్యి, కొనేసింది. వీధి మలుపు తిరిగాక గానీ ఇంట్లో పిల్ల లేదన్న సంగతి తట్టలేదు. వెనక్కిచ్చే మొహం లేక తెచ్చి పిల్ల పుస్తకం పక్కన నిలబెట్టాడు. మరుసటేడు ఇంకొకటి. ఆ తరవాత పిల్ల పుట్టకముందువి వెతకడం మొదలెట్టాడు. చర్చి హాళ్ళలో జరిగే సంతల వెంట తిరిగాడు. తనలాంటి వాళ్ళు కలిశారు.

ఆ లోకానికి నియమాలున్నాయి. ధర వేసిన మూలని ఏ పిన్నిగారో కత్తెరతో కత్తిరించి ఉండకూడదు. "ఈ పుస్తకం ఎవరిది" అన్న చోట ఎవరిదీ కాకుండా ఉండాలి. చిక్కుదారిలో కుందేలుని క్యారెట్ దగ్గరికి ఏ పిల్లా చేర్చి ఉండకూడదు. అంటే, పిల్లల కోసం చేసి పిల్లలెవరూ ముట్టుకోని పుస్తకం కావాలి వాళ్ళకి. మంచి ప్రతి దొరికిన రోజున పాతది మార్పిడి పెట్టెలోకి పోవాలి. ఏడాదికి ఒక్కటే ప్రతి. పేరు రాసి ఉంటే దాన్ని పేరు అనరు, మచ్చ అంటారు.

ఈ నియమాలన్నీ నారిస్‌కి నేర్పినవాడు క్లిఫ్ హార్‌గ్రీవ్స్. బ్రాడ్‌ఫర్డ్ వాడు, నోరు పెద్దది, పాత పుస్తకాలు బాగుచెయ్యడంలో చెయ్యి బంగారం. ఎనభై నాలుగులో పట్నం లైబ్రరీ వాళ్ళు నారిస్ పుస్తకాలని అద్దాల పెట్టెలో ప్రదర్శిస్తామన్నప్పుడు, క్లిఫ్ బీరువా ముందు చేతులు కట్టుకుని నిలబడి, "అన్నీ ముత్యాల్లా ఉన్నాయిరా, ఆ అరవై ఎనిమిది తప్ప. మంచి పలువరసలో పుచ్చుపన్నులా ఉంది," అన్నాడు. అది తన కూతురిదని నారిస్ చెప్పలేదు. కూతురుండేదని కూడా ఎప్పుడూ చెప్పలేదు. పుస్తకాల వాళ్ళతో పుస్తకాలే మాట్లాడేవాడు. ఊపిరాడే చోటు అదొక్కటే ఉండేది.

ఆ వారమే మచ్చలేని అరవై ఎనిమిది దొరికింది. పిల్ల పుస్తకాన్ని మార్పిడి పెట్టెలో పెట్టాడు, ప్రదర్శన అయ్యేదాకా అనుకున్నాడు. ఎవరి దగ్గరా లేని యాభై రెండు అంకె పుస్తకం ఇస్తానని క్లిఫ్ వచ్చి, బదులుగా పెట్టె పెట్టెంతా అడిగాడు. నారిస్ మూత తీసి చూశాడు. గులాబీరంగు పట్టీ పైనే కనిపించింది. బీరువా తెరిచినప్పుడల్లా గుండెల్లో గుచ్చుకునేది అదే. అది లేకపోతే గుచ్చుకోదనుకున్నాడు. మూత పెట్టి, తాడు కట్టి, పెట్టెని తన చేతుల్తోనే క్లిఫ్ కారులో పెట్టాడు.

*

శుక్రవారం పొద్దున్నే బస్సెక్కి బ్రాడ్‌ఫర్డ్ వెళ్ళాడు. క్లిఫ్ వంటింటి బల్ల మీద పాత బ్రెడ్డు ముద్దతో ఏదో అట్టని రుద్దుతున్నాడు.

"ఏరా సగ్డెన్, బతికే ఉన్నావా! బల్ల అవతల కూర్చో, తుమ్మకు. ఈ బ్రెడ్డు తినకు, మురికి పీల్చింది. నువ్వు తింటావు, నాకు తెలుసు."

"క్లిఫ్, ఎనభై నాలుగులో నీకిచ్చిన పెట్టెలో ఒక అరవై ఎనిమిది ఉంది. పట్టీ అంటించి ఉంటుంది. ఎవరికి ఇచ్చావు?"

క్లిఫ్ మొహం దీపంలా వెలిగింది. "ఇవ్వడమా! దాన్ని ఎవరికిస్తానురా? ఉండు." లోపలికి వెళ్ళి, మెత్తటి గుడ్డలో చుట్టిన పుస్తకం తెచ్చి నారిస్ చేతుల్లో పెట్టాడు. "నా జన్మలో చేసిన మంచి పని ఇదే. ఆ పట్టీ జిగురు ఊడడానికే మూడు సాయంత్రాలు పట్టింది. ఆవిరి, ఆవిరితో! కాగితం పొర ఒక్కటి లేచిందా చూడు. పెన్సిల్ రాతలు చెరిపింది కూడా, రబ్బరుతో కాదు, బ్రెడ్డుతోనే. తరవాత తడి పీల్చే అద్దుడు కాగితాల మధ్య నెలరోజులు బరువు కింద పెట్టాను. వేలితో తడిమి చూడు, రాసిన ఆనవాలు తగిలితే నా చెవి కోయించుకుంటా."

నారిస్ నడిమి పేజీ తెరిచాడు. పన్నెండు గీతలు, కొత్త దుప్పటిలా తెల్లగా ఉన్నాయి. వేలు పెట్టి తడిమాడు. కిటికీ వైపు తిప్పి వాలుగా పట్టుకున్నాడు. క్లిఫ్ చెవి క్షేమంగానే ఉంది.

"ఇందులో ఏం రాసుంది, క్లిఫ్?"

"రాయడమేమిటి?"

"నువ్వు చెరిపినవి."

"చదువుతానట్రా నేను? చదువుతూ కూచుంటే పనవుతుందా? అక్షరం అక్షరం తుడుచుకుంటూ పోవడమే." తల గోక్కున్నాడు. "ఏదో కుక్క ఉన్నట్టు గుర్తు. కుక్కపిల్లని పెంచుకోవాలనో ఏదో. ఎందుకూ?"

"మా అమ్మాయిది."

"ఏది?"

"పుస్తకం. అది రాసినదీ."

క్లిఫ్ బ్రెడ్డు ముద్ద బల్ల మీద పెట్టేశాడు. "నీకు పిల్లల్లేరనుకున్నానురా," అన్నాడు. "ఇరవై ఏళ్ళుగా నా పక్కన కూర్చుని టీ తాగుతున్నావు. గిలియన్, నాలుగో వార్డు అని ఉంది ముందు పేజీలో. అది గుర్తుంది నాకు. అది కూడా తుడిచేశాను. ఒక్క మాట అనకూడదట్రా?"

"అననందుకే వచ్చాను," అన్నాడు నారిస్. కోటు లోపల పుస్తకం పెట్టుకుని బస్సు దగ్గరికి నడిచాడు. క్లిఫ్ వాకిట్లోకి వచ్చి ఏదో పిలుస్తూనే ఉన్నాడు.

శనివారం ఐరీన్ బజారుకి వెళ్ళినప్పుడు నారిస్ ఒక పెన్సిల్ చెక్కాడు. ఆమె కళ్ళు ఎలాగూ అంతంత మాత్రమే. పన్నెండు గీతలు, తొమ్మిదేళ్ళ పిల్ల మాటలు, అంతేగా అనుకున్నాడు. కుర్చీ జరుపుకుని, ముందు చిత్తుకాగితం మీద "జనవరి" అని రాశాడు. అక్కడ ఆగిపోయాడు. గిలియన్ అక్షరాలు కుడికి వాలేవా, ఎడమకా? గుండ్రంగా ఉండేవా? కళ్ళు మూసుకుని వెతికాడు. డిపోలో ఏ బస్సు ఏ చప్పుడు చేసేదో ఇప్పటికీ చెప్పగలడు. కూతురు చేతిరాత గుర్తు రాలేదు. కాగితాన్ని పొయ్యిలో వేశాడు.

*

ఆదివారం భోజనాలయ్యాక, పళ్ళేలు ఎత్తకముందే, నారిస్ అంతా చెప్పాడు. లైబ్రరీ, పెట్టె, పైనే కనిపించిన పట్టీ, తను మూత పెట్టడం, క్లిఫ్ బ్రెడ్డు. పొరపాటున పోయిందని ఒక్క ముక్క అంటే సరిపోయేది. అనలేదు. "చూసే ఇచ్చాను, ఐరీన్," అన్నాడు.

ఐరీన్ గ్రేవీ గిన్నె అంచు తుడిచింది. తుడిచిన చోటే మళ్ళీ తుడిచింది.

"ఇలా తే."

"అందులో ఏమీ లేదు."

"నా పుట్టినరోజు కానుక. నాది నాకు తే."

తెచ్చాడు. ఆమె సొరుగులోంచి భూతద్దం తీసి, పేజీ మీద ముక్కు ఆనేంత వంగింది. మొదటి గీత ఎడమ కొస నుంచి కుడి కొస దాకా భూతద్దాన్ని మెల్లిగా జరిపింది. రెండో గీతకి వచ్చింది. మూడో గీతకి వచ్చింది. ఏదో చదువుతున్నదానిలాగే, తొందరేమీ లేకుండా, ఒక్కో గీతా దాటుకుంటూ వెళ్ళింది. నారిస్‌కి ఆపమని అడగాలనుంది. అడిగే హక్కు తనకి లేదు. పన్నెండో గీత చివర ఆమె భూతద్దాన్ని అక్కడే ఉంచేసింది.

"ఆయనైనా చదివాడా?"

"చదవలేదుట. కుక్క ఉన్నట్టు గుర్తన్నాడు. కుక్కపిల్లని పెంచుకోవాలని." ఆ ఒక్క ముక్కైనా ఇవ్వగలుగుతున్నాననుకున్నాడు నారిస్.

ఐరీన్ తల ఎత్తింది. అతని మొహం ఉన్నవైపే చూసింది, మొహం ఎంత కనపడుతోందో ఏమో.

"దానికి కుక్కలంటే చచ్చే భయం, నారిస్. బడి నుంచి రెండు వీధులు చుట్టూ తిరిగి వచ్చేది, కసాయి కొట్టు కుక్క ఉంటుందని. మర్చిపోయావా?"

నారిస్ మర్చిపోయాడు.

"ఆ కుక్క సంగతి వేరే ఎవరి పిల్ల రాసిందో," అంది ఐరీన్. "ఏ తల్లి కోసం రాసుకుందో. అదీ తుడిచేశాడన్న మాట."

పుస్తకం మూసి, మూసిన అట్ట మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. పళ్ళేలు ఎత్తడానికి నారిస్ లేచాడు. "ఉంచు," అందామె. "నేను తీస్తాను. నువ్వు కాసేపు బయటికి వెళ్ళి రా."

అతను కోటు తీసుకుని వెళ్ళాడు.