పిల్లలు ఆశ్చర్యపోయారా?

బడిలో వెనక బెంచీ మీద కునుకు తీస్తే ఆయనకు జీతమిస్తారట అని పక్కింటావిడ పాలావిడతో అందిట. పాలావిడ పాలతోపాటు ఆ మాట కూడా గుమ్మంలో పోసి వెళ్ళింది.

"విన్నారా?" అంది భార్య.

"ఇరవై రెండేళ్ళలో కునుకు పట్టింది ఒక్కసారే. అదీ కాగితంలో రాసే ఇచ్చాను," అన్నాడాయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ. ఇవాళ్టితో ఉద్యోగం ఆఖరు.

తెలివైన పిల్లల ప్రత్యేక తరగతుల కోసం పెద్ద చదువుల వాళ్ళు ఒక పుస్తకం రాశారు. టీచర్లు దాన్ని పొల్లుపోకుండా చెబితేనే అది పనికొస్తుందో లేదో తేలుతుంది. అందుకని ఈయన వెనక కూర్చుని, పాఠానికి పదిహేను గడులున్న కాగితం మీద టిక్కులు పెడతాడు. పన్నెండు పడకపోతే ఆ తరగతి పరిశోధనలోంచి పోతుంది; పోతే మూసేస్తారు. అయినా దొంగ టిక్కు ఒక్కటీ పెట్టి ఎరగడు. ఇంట్లో కూర ఉప్పుకషాయమైనా, "ఉప్పు ఎన్నిసార్లు వేశావు?" అని విచారించాకే మొహం చిట్లించే మనిషి. పిల్లలు ఆయనకు టిక్కు తాత అని పేరు పెట్టుకున్నారు.

ఆ రోజు టీచరమ్మకు జలుబు. బొంగురు గొంతుతో రెండు అంశాలు మింగేసింది, ఒకటి తలకిందులు చేసింది. పద్నాలుగు గడులు దాటేసరికి టిక్కులు పదకొండే. మిగిలింది ఒక్కటి: 'పిల్లలు ఆశ్చర్యపోయారా?'

ఒక కొసను సగం మెలి తిప్పి అంటించిన కాగితపు పట్టీ చుట్టను ఆమె మధ్యగా, పొడుగునా కత్తిరించింది. రెండు చుట్టలు కావలసింది ఒకటే పెద్ద చుట్టై వేలాడింది. ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని పిల్లల వైపు చూశాడు.

"ఆఁ!" గదంతా నోరు తెరిచింది. ఒకడు బెంచీ మీంచి కింద పడ్డాడు కూడా.

టిక్కు తాతకు కళ్ళు చెమ్మగిల్లాయి. టిక్కు కొట్టి, సంతకం చేసి, కవరు అంటించి గుమస్తాకిచ్చాడు. గుమస్తా అప్పుడే దాన్ని తపాలా సంచిలో పడేశాడు.

సాగనంపడానికి టీచరమ్మ, మొదటి బెంచీ పిల్ల గేటు దాకా వచ్చారు.

"భలే ఆశ్చర్యపోయారే!" అన్నాడు ఆ పిల్లతో.

"బాగా అరిచామా? నేను పోయిన వారమే ఇంట్లో కత్తిరించి చూసి, అందరికీ చెప్పేశాను."

టీచరమ్మకు దగ్గు ముంచుకొచ్చింది.

"మరి ఎందుకరిచారమ్మా?"

"మీరేమో టిక్కులు పెట్టట్లేదు. మా క్లాసు మూసేస్తే?"

ఆయన గేటు పట్టుకున్నాడు. "ఇవాళొక్కరోజేగా?"

"అన్ని పాఠాలకీనండీ. మీరు కళ్ళజోడు పైకి తోసుకోగానే వెనక వరసవాళ్ళు సైగ చేయాలని, అప్పుడు అందరం అరవాలని మాకు సీనియర్లు నేర్పించారు. వాళ్ళకి వాళ్ళ సీనియర్లు."