లిఫ్టున్న ఇల్లు

నల్ల బర్రె తోక విసిరి చెంప మీద ఒక్కటిచ్చింది. కొమురమ్మ తిట్టలేదు, తల కూడా తిప్పలేదు. నుదురు బర్రె డొక్కకి ఆనించి, మోకాళ్ళ మధ్య బకెట్టు ఇరికించుకుని పిండుతూనే ఉంది. స్టీలు బకెట్టు అడుగున మోగుతున్న ధార కాసేపటికి నురగలో మునిగి మెత్తబడింది. అప్పుడు గానీ ఆమెకు పైగదిలో మాటలు వినిపించలేదు. కూతురు సోనీ ఫోన్ స్పీకర్‌లో పెట్టి అత్తతో మాట్లాడుతోంది.

"మమ్మీ, ఎండ ముదరకముందే వచ్చెయ్యిరి. పుట్టబొయ్యే బిడ్డకు కావాల్సినయన్నీ ఒక్కసారే చూసుకుందం."

అవతలి నుంచి ఏదో మాట, ఆ వెంటనే సోనీ నవ్వు. కొమురమ్మ వేళ్ళు బిగిశాయి. బర్రె వెనక కాలు ఎత్తింది.

"ఆగవే. నిన్ను గాదు," అంది కొమురమ్మ.

యాభైకి దగ్గరపడిన మనిషి. పొట్టిగా, దిట్టంగా ఉంటుంది. పాలు పిండి పిండి బొటనవేళ్ళు రెండూ వెలుపలికి వంగిపోయాయి. ఎంత సబ్బు రుద్దినా పాలూ పేడా కలిసిన వాసన ఒంటిని వదలదు. భర్త రామ్‌చందర్ పోయాక కొట్టంలోని ఈ రెండు బర్లే ఆమెనూ, కూతుర్నీ సాకాయి. గౌలిపుర గల్లీలో వాళ్ళ ఇల్లంటే కింద కొట్టం, పక్కన ఒక గది, ఇనప మెట్లెక్కితే మీద రేకుల గది. ఆ రేకుల గదిలోనే ఏడాదిగా సోనీ, అల్లుడు శ్రవణ్‌కుమార్ కాపురముంటున్నారు.

శ్రవణ్ లాల్‌దర్వాజాలో కిరాణా హోల్‌సేల్ చేసే సోమశేఖర్ సేటు కొడుకు. ఆ ఇంటికి కొమురమ్మ ఏళ్ళ తరబడి పాలు పోసింది. సేటు భార్య రుక్మిణమ్మ గడప లోపల గిన్నె పట్టుకుని నిలబడేది. "పాలామె వచ్చింది" అని లోపలికి కేకేసేది తప్ప పేరు పెట్టి పిలిచిన రోజు లేదు. సెలవుల్లో సోనీ కూడా తల్లి వెంట డబ్బా మోసుకొచ్చేది. ఆ గడప దగ్గర ఎప్పుడు మొదలైందో, ఎట్లా ముదిరిందో, ఒకరోజు ఇద్దరూ రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి దండలతో తిరిగొచ్చారు. రుక్మిణమ్మ తలుపేసుకుంది. మర్నాటి నుంచి ఆ ఇంట్లో ప్యాకెట్ పాలు.

మొదటి నెల కొమురమ్మ భయపడింది. తర్వాత ఆ భయం పోయి, చెప్పుకోలేని సంబరమొకటి పట్టుకుంది. అంతటి సేటు కొడుకు తన కొట్టం ముందు నులక మంచం మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు. గల్లీ అంతా వినేలా "అత్తమ్మా" అని పిలుస్తున్నాడు. తను వడ్డిస్తే ఇంకొంచెం వెయ్యమంటున్నాడు. లాల్‌దర్వాజాలో ఆ మూసిన తలుపు ముందుకు రాగానే కొమురమ్మ నడక నెమ్మదించేది. పాల డబ్బాల మూతలు కాస్త గట్టిగానే మోగేవి. ఆ లొల్లి ఎప్పటికీ తెగొద్దని ఆమె ఏ దేవుడినీ కోరలేదు. తెగాలనీ కోరలేదు.

సోనీకి ఏడో నెల పడగానే లొల్లి తెగింది. రుక్మిణమ్మ దానిమ్మపళ్ళ సంచితో వచ్చి ఈ కొట్టంలోనే నిలబడి ఏడ్చింది. సోనీ ఏడ్చింది. శ్రవణ్ ఏడ్చాడు. కొమురమ్మ అందరికీ చాయ్ పెట్టింది.

అప్పట్నుంచి ఆమె కడుపులో ఒక మంట. ఆముదం రాయొద్దని మమ్మీ చెప్పింది. చీరతో తొట్లె కట్టొద్దంట, ఊపితే మెడకు మంచిది కాదంట, మమ్మీ డాక్టర్ని అడిగింది. పాత నూలు చీరలు ఉతికి, చింపి, అంచులు కుట్టి కొమురమ్మ దొంతరగా పేర్చిన గుడ్డలు చూసి, "మమ్మీ డైపర్లు తెస్తదమ్మా, అయినా పగటిపూటకి ఇవి పనికొస్తయ్‌లే" అంది కూతురు. ఆ 'లే' వినగానే కొమురమ్మ దొంతరను మళ్ళీ సర్దసాగింది.

పాలు పోసి వచ్చి ఆమె మళ్ళీ స్నానం చేసింది. సోనీ పెళ్ళి తర్వాత కొన్న ఊదారంగు చీర కట్టింది. గల్లీలోకి కారు రాదు. మలుపులో దిగి రుక్మిణమ్మ మోకాలి మీద చెయ్యి వేసుకుంటూ నడిచొచ్చింది. పొడుగు మనిషి, పచ్చని ఛాయ, పల్చని జుట్టు. కొట్టం దగ్గర ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంటుందేమోనని కొమురమ్మ కనిపెట్టి చూసింది. పెట్టుకోలేదు. ఆ కోపానికి కూడా సందు ఇవ్వలేదు.

"పోదమా వదినా?" అంది రుక్మిణమ్మ.

ఏళ్ళ తరబడి 'పాలామె', ఇప్పుడు వదిన. ఆ పిలుపు కొమురమ్మకు కొత్త చెప్పులా కరుస్తోంది.

శ్రవణ్‌తో కలిసి నలుగురూ వెళ్ళిన శాలిబండ రోడ్డు మీది దుకాణంలో కింద బట్టలు, మీద సామాను. సేల్స్‌లో ఉన్న సాగర్ అనే కుర్రవాడు మంచి మాటకారి. సోనీని కూర్చోబెట్టి నీళ్ళిచ్చి, "అక్కా, పుట్టంగనే కావాల్సినయి తక్కువనే ఉంటయి. పండుకునేది, తానం పోసేది, తుడిసేది, కప్పేది. మిగతాయి మెల్లగ చూసుకోవచ్చు," అన్నాడు.

మెల్లగా చూసుకునే ఉద్దేశం రుక్మిణమ్మకు లేదు. కొట్లో పుట్టి పెరిగిన చేతులు ఆమెవి. దుప్పటి తీసుకుని చెంపకి ఆనించి చూసింది. టోపీ కుట్టు తిప్పి లోపలి వైపు గోటితో గీకింది. స్నానం తొట్టె అంచు పొడవునా వేలు నడిపించింది. తానైనా అట్లాగే చూసేదని కొమురమ్మకు తెలుసు. తను చెయ్యాల్సినవన్నీ ఆ చేతులు ముందుగా చేసేస్తున్నాయి. తను చూస్తూ నిలబడింది.

ఊయలల దగ్గర మాత్రం ముందుకెళ్ళింది. టేకు రంగు కొయ్య ఊయల, స్టాండుకి వేలాడుతోంది. వేలితో తాకితే చప్పుడు లేకుండా ఊగింది.

"గిది మంచిగుందే సోనీ. ఊపుతుంటే నిద్ర వడ్తది."

రుక్మిణమ్మ చెయ్యి అప్పటికే ఇంకోదాని మీద ఉంది. చక్రాలున్న పిల్లల మంచం, చుట్టూ జాలీ, మీద దోమతెర. సోనీ ఇటు చూసి, అటు చూసింది.

"ఇదైతే తుడుసుకోవచ్చమ్మా," అంది, చక్రాల మంచం జాలీ పట్టుకుని.

"అవ్ బిడ్డా. మంచిగుంది," అంది కొమురమ్మ. కొయ్య ఊయల ఇంకా ఊగుతూనే ఉంది. చెయ్యి అడ్డం పెట్టి ఆపింది.

సాగర్ రెండు తోపుడు బండ్లు లాక్కొచ్చాడు. ఒకటి పెద్ద చక్రాలది, మెత్తని సీటుది. ఇంకోటి గొడుగులా మడిచేది.

"మీ ఇల్లు కిందనా, మీదనా అక్కా? మెట్లుంటే ఈ పెద్దది మొయ్యలేరు. చిన్నది తీస్కోరి."

"లేదు, లిఫ్ట్ ఉంది," అంది సోనీ.

అనేసి నాలుక కరుచుకుంది. శ్రవణ్ చేతిలోని గిలక్కాయ ఒక్కసారి మోగి ఆగిపోయింది. రుక్మిణమ్మ తలవంచుకుని, మడతపెట్టిన దుప్పటినే మళ్ళీ మడత పెట్టసాగింది. పోయిన దసరాకి సేటు వాళ్ళు సైదాబాద్‌లో ఫ్లాటు కొనుక్కుని వెళ్ళిపోయారు. లిఫ్ట్ ఉన్నది అక్కడ.

"ఎప్పుడు పోతున్నరే?" కొమురమ్మ గొంతు మామూలుగానే ఉంది.

"అమ్మా... ఇంటికి పోయినంక చెప్దామని..."

"ఎప్పుడు?"

"ఇయ్యాలనే." సోనీ కళ్ళు నిండాయి. "మెట్లెక్కుడు దిగుడు వద్దని డాక్టరమ్మ అన్నది. ఆ రేకుల కింద నాకు ఊపిరాడ్తలేదమ్మా. చెప్దామని ఎన్నిసార్లు నోటిదాక వచ్చిందో. నీ మొఖం చూస్తే నోరు రాలే."

ఎండకి రేకులు పెనంలా కాలతాయని కొమురమ్మకు తెలియనిది కాదు. మధ్యాహ్నాలు తడిపిన గోనెపట్టాలు రేకుల మీద పరిచింది ఆమే. కాన్పు దాకా కిందిగదిలో పడుకోమందామని, తను కొట్టంలో మంచం వేసుకుందామని అనుకుంది. అనుకున్నది బయటికి చెప్పలేదు, అంతే. తల్లింట్లో కాకపోతే ఇంకెక్కడ పురుడు పోసుకుంటుందిలెమ్మని ధీమాగా ఉండిపోయింది.

ఆమె వెనక్కి తిరిగి వరసల మధ్య నడిచింది. ఎటు పోతోందో ఆమెకే తెలియదు. చివర్లో, ఎర్రగా పచ్చగా, ఆరు చక్రాలతో, ముందు భాగంలో మీటలతో ఒక నడకబండి కనిపించింది. రెండు చేతులా లాగింది. మీట నొక్కుకుపోయి పాట మొదలైంది. ఆ పాటతోనే దాన్ని ఎత్తుకొచ్చి అందరి మధ్యా దించింది.

"గిది నేను కొంటున్న."

సాగర్ ఇబ్బందిగా నవ్వాడు. "అమ్మా, ఇది కూసునుడు వచ్చినంక. మస్తు నెలలు పడ్తది."

"గప్పటిదాక పాడైతదా?"

"పాడు కాదు."

"గట్లైతే కట్టు."

ఎవరైనా వద్దంటే బాగుండునని చూసింది. వద్దంటే అరవచ్చు. వియ్యపురాలు కొన్నవన్నీ పసిగుడ్డు పడుకునేవి, తనది నడిచేది. వాడో, అదో, నడక నేర్చాక ఎటైనా నడవచ్చు, తన కొట్టం వైపు కూడా. అయితే ఆ మాట ఎవరికి చెప్పాలి? రుక్మిణమ్మ వద్దనలేదు. పాట ఆపే మీట ఎక్కడుందో వంగి వెతికి, నొక్కి, "రంగు మంచిగుంది," అంది.

ఇంటికొచ్చాక పిల్లలిద్దరూ బట్టలు సర్దుకోవడానికి మీదికెళ్ళారు. రుక్మిణమ్మ ఇనప మెట్ల వంక చూసి, మోకాలు పట్టుకుని, కొట్టం ముందు మంచం మీద కూర్చుంది. కొమురమ్మ చాయ్ తెచ్చిచ్చి పక్కనే గోడకి ఆనుకుని నిలబడింది. పైన పెట్టెలు జరుపుతున్న చప్పుడు.

"ఒక మాట అడుగుత వదినా. శ్రవణ్ పొద్దుగాల చాయ్‌ల ఏం ముంచుకుంటడు?"

"ఉస్మానియా బిస్కెట్."

రుక్మిణమ్మ కప్పు మంచం అంచు మీద దించింది. "మా ఇంట్ల రస్కు తినెటోడు. బిస్కెట్ ముట్టకపోయేటోడు." మోకాలు రుద్దుకుంటూ మళ్ళీ అంది. "నేను మీ గల్లీకి ఎన్నోసార్లు వచ్చిన. ఆ మలుపుల ఆటో ఆపి కూసుండేదాన్ని. దిగబుద్ధి కాకపోయేది, వాపస్ పోబుద్ధి కాకపోయేది. ఒకనాడు గీ మంచం మీదనే వానికి మీరు అన్నం పెడ్తున్నరు. వాడు నోట్ల బుక్క పెట్టుకోని నవ్వుతున్నడు. మీ చేతులు ఇరిగిపోవాలని తిట్టుకున్న, వదినా. దేవుని సాక్షిగ."

కొమురమ్మ తన చేతుల వంక చూసుకుంది. వంకర తిరిగిన బొటనవేళ్ళు. చీర మడతలో దాచుకోబోయి, మానుకుంది.

"నేను గుడ తిట్టుకున్న," అంది. "ఇయ్యాలనే. దుకాణంల."

"నన్నేనా?"

"మరెవ్వర్ని?"

ఇద్దరూ నవ్వలేదు. ఇద్దరి చాయ్ చల్లారింది. మంట ఆరిందని కొమురమ్మ చెప్పలేదు. ఆరలేదు కూడా. ఇన్నాళ్ళూ తనొక్కతే మండుతోందనుకుంది. మలుపులో ఆటోలో కూర్చుని ఇంకొకామె కూడా మండిందని తెలిసి, ఆ పొడుగాటి మనిషి పక్కన మంచం అంచు మీద కూర్చుంది. ఆమె పక్కన కూర్చోవడం అదే మొదలు.

పొద్దు వాలుతుండగా బయల్దేరారు. కారులో కొత్త సామానే నిండిపోయింది, సోనీ పెట్టెలకి చోటు లేదు. మలుపులో కారు డిక్కీ తెరిచి శ్రవణ్ ఒక్కొక్క అట్టపెట్టె విప్పి సామాను సర్దాల్సి వచ్చింది. అయినా నడకబండి మిగిలింది. "తర్వాత వచ్చి తీస్కపోత అత్తమ్మా," అన్నాడు. కొమురమ్మ సరేననబోయింది.

"దేనికి? ఇటియ్యి," అని రుక్మిణమ్మ ముందు సీట్లో సర్దుకుని కూర్చుని, దాన్ని ఒళ్ళోకి తీసుకుంది. చక్రాలు ఆమె గడ్డానికి తగులుతున్నాయి. రెండు చేతులా పట్టుకుంది.

సోనీ తల్లి మెడ చుట్టూ చేతులు వేసింది. పొట్ట అడ్డం వచ్చి సరిగా అందలేదు.

"అమ్మా, కాన్పప్పుడు లోపలికి నువ్వే రావాలె. ఇంకెవ్వరొద్దు. మమ్మీకి గుడ చెప్పిన."

"బర్లనెవరు పిండుతరే?"

"అమ్మా!"

"వస్త తియ్యి. ఫికర్ జెయ్యకు. అర్ధరాత్రైనా ఫోన్ గొట్టు, ఆటో పట్టుకోని వస్త."

కారు మలుపు తిరిగింది. కొమురమ్మ అక్కడే నిలబడలేదు, సాయంత్రం పిండే వేళ దాటిపోతోంది. కొట్టంలోకొచ్చి దాణా కలిపింది, బకెట్టు కడిగింది. మీద గదిలో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు. ఆపడం మరిచిపోయారు. మెట్లెక్కి ఆపింది. ఖాళీ అయిన అర వైపు చూడకుండా దిగింది.

దిగాక చూసింది. శ్రవణ్ విప్పిన అట్టపెట్టెలన్నీ తెచ్చి కొట్టం గోడకి ఆనించి వెళ్ళాడు. అన్నింటికన్నా పెద్దది చక్రాల మంచానిది. దాని మూతలు నాలుగూ తెరుచుకుని ఉన్నాయి. ముందు వైపు బొమ్మలో, ఏ దేశపు పిల్లవాడో, పళ్ళు లేని నోరంతా తెరిచి నవ్వుతున్నాడు.