కిటికీ ముందు వావిలి

నందీష్ రాత్రంతా సోలార్ పార్కులో కాపలా కాసి పొద్దున్నే ఇంటికొచ్చేవాడు. ఇంత తిని చాపమీద వాలేసరికి కంచె అవతలి సోలార్ పలకలు మేలుకునేవి. లేత ఎండ వాటిమీద పడి జారి, తూర్పు కిటికీలోంచి నేరుగా అతని ముఖానికి కొట్టేది. కిటికీ మూసినా, గుడ్డ కట్టినా రేకుల కప్పు కింద ఊపిరాడదు. ఉన్నది ఆ ఒక్క గది, దాని వెనక వంటిల్లు. ఎండ పైకెక్కి ఆ వెలుగు తగ్గేటప్పటికి రేకులు కాగేవి. ఇక నిద్రెక్కడిది?

ఒకసారి డ్యూటీలో కునుకుతూ దొరికిపోయాడు. మళ్లీ దొరికితే రేపట్నించి రానక్కర్లేదని సూపర్‌వైజరు చెప్పేశాడు. ఆ మాట నందీష్ నవ్వుతూనే చెప్పాడు గాని, అతని భార్య ఆశాకి నవ్వు రాలేదు. తిరుమణిలో వాళ్ల పొలం పలకల కిందికి పోయాక ఇంట్లోకి డబ్బు తెచ్చే పని అదొక్కటే.

మేనత్త కొడుకునే చేసుకుంది కాబట్టి ఆశాకి ఇల్లు కొత్త కాదు, కాపురమే కొత్త. బావ చెప్పులు వాకిట్లో విడిచిన చప్పుడు వింటే చాలు, ఆమెకు తెల్లారినట్టు. ఆ ముఖంమీద ఎండ పడకుండా కిటికీ ముందు చెట్ల కంచె పెంచాలని ఆమే అనుకుంది. పావగడ నర్సరీ నుంచి వెడల్పాటి ఆకుల మొక్కలు తెచ్చి నాటి, నీళ్లు పోసి, సాయంత్రం దాకా మురిసిపోయింది. మర్నాడు చూస్తే మొదళ్లే మిగిలాయి.

పక్కింటి బైలప్ప మేకలను అదిలిస్తూ పళ్లికిలించాడు. "ఏమమ్మీ, నా మేకలకి పెండ్లి బోజనం పెట్టినావే."

ఆశా పుట్టిల్లు నిడుగల్లు. కొండవాలులో మేకల వెనక తిరుగుతూ పెరిగింది, ఆ తర్వాతే కాలేజీలో బోటనీ చదివింది. మేక మూతి పెట్టని మొక్కలేవో రెండు విధాలా తెలిసినదాన్నయ్యుండి నర్సరీకి ఎందుకు పోయానా అని తనమీద తనకే చిరాకేసింది. తంగేడు పూస్తే కళ్లు చాలవు, కాని కిటికీ అంత ఎత్తు లేస్తుందన్న నమ్మకం లేదు. బందారు పొద నీళ్లడగదు, గుబురుగా పెరుగుతుంది, అయితే ఆ ఎత్తుకు రావడానికి ఏళ్లు పడుతుంది. గోరింట పెడితే ఊళ్లో ఆడపిల్లలంతా ఆకు దూసుకుపోతారు. వావిలి మాత్రం వానాకాలంలో కొమ్మ గుచ్చితే లేచి నిలబడుతుంది. ఇంకేం, పుట్టింటికి పోయి వాగులో వావిలి కొమ్మలు నరుక్కుని, తడి గోనెలో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చింది.

అంట్లు తోమిన నీళ్లు, ఒళ్లు కడిగిన నీళ్లు వాటికే పోసింది. రెండో వానాకాలం నడిమికి కిటికీ నిండా ఆకులయ్యాయి. ఒకనాడు నందీష్ ముఖంమీద నీడ కదులుతుంటే గడప దగ్గర కూర్చుని చూసింది. తర్వాత వంటింట్లోకి పరుగెత్తి, "అత్తా, బావ గురక పెడతాండాడు," అని గుసగుసగా చెప్పింది. ఆంజినమ్మ, అది కూడా చెప్పాల్సిన ఒక సుద్దేనా అన్నట్టు చూసి, మళ్లీ పొయ్యి వైపు తిరిగింది.

అప్పుడే ఊళ్లో కాన్పులు మొదలయ్యాయి. బాలింతకు నీళ్లు పొయ్యాలంటే ఆ నీళ్లలో వావిలాకు మరగాలి. నిడుగల్లులో వాగు పొడుగునా అదే కాబట్టి ఎవరూ ఎవరినీ అడగరు. అందుకే ఆశాకి ఆ ఊహే తట్టలేదు. ఇక్కడ వంకగట్టు మీదున్న వావిలి, పలకల కోసం పొలాలు చదును చేసినప్పుడే పోయింది. ఊరికంతా వావిలి ఇప్పుడు ఆమె కిటికీ ముందే ఉంది. మొదట ఒక బుట్టకు, తర్వాత ఇంకో బుట్టకు, ఆ పైన శెనక్కాయ పీకి నడుములు పోయినవాళ్లకు ఆకు పోతూనే ఉంది. బాలింతకు లేదనకూడదని ఆంజినమ్మే దగ్గరుండి కోసిచ్చేది. చిగురు వేసేలోపల మరో బుట్ట వచ్చేది.

ఒక పొద్దున నందీష్ వచ్చి చెప్పులు కూడా విప్పకుండా గోడకు ఆనుకున్నాడు. రాత్రి నిలబడే నిద్రపోయానని, చేతిలో టార్చి జారిపడ్డ చప్పుడుకు మెలకువ వచ్చిందని, అదృష్టం కొద్దీ ఎవరూ చూడలేదని చెప్పాడు. ఆ మాట చెప్పడానికే అలసిపోయినట్టు పడుకున్నాడు. కిటికీకి అడ్డంగా ఒకే ఒక గుబురు కొమ్మ మిగిలి ఉంది. దాన్ని ఎవరికీ ఇవ్వకూడదని ఆశా గట్టిగా అనుకుని వాకిట్లోకి వచ్చేసరికి, సంజీవప్ప పెండ్లాం ఖాళీ బుట్టతో నిలబడి ఉంది.

"లేదు పిన్నమ్మా," అంది ఆశా, అడక్కముందే.

ఆమె కొమ్మ వైపు చూసింది గాని వాదించలేదు. "పాప రాత్రంతా కన్ను మూయనీలేదు. కాన్పయిన మా పిల్లకి నడుము పట్టేసినాది. యాడా ఆకు దొరకలేదమ్మీ," అని, కాళ్లు రానట్టు అక్కడే నిలబడింది. ఆమె కళ్లు కూడా ఎర్రగానే ఉన్నాయి.

లోపలి నుంచి నందీష్ గొంతు వచ్చింది. "ఇచ్చెయ్ ఆశా. ఆయమ్మకీ నిద్దర లేదు."

ఆశా కొడవలి తెచ్చి తానే కోసింది. బుట్ట వీధి మలుపు తిరిగాక ఆంజినమ్మ కిటికీ ముందు నేల చూపించింది.

"ఈడ బందారు పెట్టు. దాన్నెవురూ అడగరు. వావిలి రోడ్డుపక్క నాటితే ఎవురికి కావాల్సింది వాళ్లు కోసుకుంటారు."

"బందారు లేసేదానికి ఏండ్లు పడతాది, అత్తా."

"పడనీ. అంతదాకా ఏమన్నా చేసుకో."

లోపల వెలుగు అప్పటికే నందీష్ కనురెప్పలమీద ఉంది. అతను మోచెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఆశా చేటలో శెనక్కాయలు పోసుకుని లోపలి నుంచే కిటికీ గట్టెక్కి, ఊచలకు వీపు ఆనించి కూర్చుంది. ఆమె నీడ అతని ముఖాన్ని కప్పింది. వెలుగు పక్కకు జరిగినప్పుడల్లా తానూ జరిగింది. జాకెట్టు లోపల వీపు చురుక్కుమంటోంది. చప్పుడు కాకుండా కాయ చిదమడం చాతకాక చివరికి చేట పక్కన పెట్టేసింది. కాసేపటికి మోచెయ్యి దానంతటదే జారి చాపమీద పడింది. నోరు కొంచెం తెరుచుకుంది. ఎంత అందంగా ఉన్నాడో అనుకుని, ఆ అలసటలోనే ఆమెకు నవ్వొచ్చింది.

ఆంజినమ్మ సంకటి తినడానికి పిలిచింది. ఆశా రాలేనని చెయ్యి ఊపింది.