నిలబడి తిన్న అన్నం

అమ్మకు దగ్గు వస్తే నోటికి అడ్డం పెట్టుకోవాల్సిన చెయ్యి బొడ్డు మీదికి పోతుంది. బొడ్డు పక్కన నిమ్మకాయంత ఉబ్బు ఉంది. పడుకుంటే లోపలికి పోతుంది, కుట్టు మిషన్ తొక్కితే బయటికి వస్తుంది. ఇబ్రహీంపట్నంలో డాక్టరమ్మ చూసి హెర్నియా అన్నది. ఆపరేషన్ చేయాలి. కానీ ఇప్పుడే చేస్తే పొట్ట బరువుకు కుట్లు నిలవవు కాబట్టి ఎనిమిది కిలోలన్నా తగ్గి రమ్మన్నది. ఈలోపు పేగు అందులో ఇరుక్కుంటే ప్రాణం మీదికి వస్తుంది, జాగ్రత్త అని కూడా చెప్పింది. ఆ మాట విన్నప్పటి నుంచి అమ్మ దగ్గిన ప్రతిసారీ నేను పుస్తకంలోంచి తల ఎత్తి చూస్తున్నాను.

డాక్టరమ్మ కష్టమైనవేమీ చెప్పలేదు. అన్నం సగం చేసి కూర రెండింతలు తినమన్నది. చాయిలో చక్కెర మానమన్నది. పండుగనాడు నోరు కట్టుకోవద్దు, కొంచెం తిని లేవమన్నది. "మెల్లగ తగ్గినా ఫికర్ లేదు" అని నవ్వింది.

మా బాపుకు ఆ మెల్లగా అన్న మాట ఎక్కలేదు. బాపు పేరు సామ్యేలు. ఒక ఇంజనీరింగ్ కాలేజీ బస్సు నడుపుతాడు. పొద్దున పెద్ద అంబర్‌పేట్ దిక్కు పోయి పిల్లలను ఎక్కించుకొని వచ్చాక సాయంత్రం దాకా బస్సు నిలిచే ఉంటుంది. బాపు అందులో కూర్చొని ఫోన్ చూస్తాడు. ఆ వారం ఫోన్ నిండా బరువు తగ్గించేవాళ్ళే. ఇంటికి వచ్చి చెప్పులు విడవకముందే, "రేపటి సంది నీకు అన్నం బంద్" అన్నాడు.

"మొత్తానికా?" జాకెట్టుకు హుక్కులు కుడుతూ అడిగింది అమ్మ.

"మొత్తానికే. గోబిపువ్వు తురిమి అన్నం లెక్క వండుకోవాల్నట. తేడానే తెల్వదట."

"తేడా తెల్వదన్నోడు ఎన్నడన్న అన్నం తిన్నడా?"

అయినా అమ్మ ఆ గోబిపువ్వే తిన్నది. ఆ వారం తిరగకముందే మిషన్ మీద కూర్చున్నచోటే కళ్ళు తిరిగి తల వాల్చేసింది. బాపు బెదిరిపోయాడు. చల్ల తాగించి, విసనకర్ర దొరకక నా లెక్కల పుస్తకంతో విసురుతూ, "నాదే తప్పు. డాక్టరమ్మ చెప్పినట్టే జేద్దాం" అన్నాడు.

అప్పటి నుంచి మా ఇంట్లో తిండి మారింది. పొద్దున అమ్మకు రెండు గుడ్లు. మధ్యాహ్నం ఒక గరిటె అన్నం, దానికి రెండింతలు పప్పో సొరకాయో తోటకూరో. మాపటికి ఒక జొన్నరొట్టె. ఆదివారం చర్చి నుంచి వచ్చాక కోడికూర, దాంతో కొంచెం బగారన్నం. బాపే సంతకు పోయి కూరగాయలు తెచ్చేవాడు. ముదిరిన బెండకాయలు తెస్తే అమ్మ ఒక్కొక్కటీ విరిచి చూపించేది.

"గివి కూరకు తెచ్చినవా, పొయ్యిలకు తెచ్చినవా?"

"మస్తు లేతగున్నయన్నది ఆమె."

"ఆమె అమ్మేటామె. అట్లనే అంటది."

బాపు రొట్టె కొట్టడం కూడా నేర్చుకోబోయాడు. మా చెల్లె కరుణ ఆ రొట్టెను పైకెత్తి, ఇది ఏ జిల్లా పటమో చెప్పుకోండి అన్నది. నాకు ఆ రోజులు బాగా నచ్చాయి.

నెల తర్వాత దవాఖానలో కాటా మీద నిలబడితే అమ్మ బరువు కిలో కూడా తగ్గలేదు.

బాపు ఆటో దిగి ఇంట్లోకి వచ్చాక నేను ఉన్నానని కూడా చూడకుండా అడిగాడు. "నిజం చెప్పు మరియా. నేను బస్సు మీదికి పోయినంక ఏమన్న తింటున్నవా?"

"తింటలే."

"మరి కాటా అబద్ధం చెప్తదా?"

"ఏసయ్య తోడు. నీ ముందల తిన్నదే. ఇంకేం తినలే."

"నువ్వు దగ్గితే నా పానం జల్లుమంటది. నేనిట్ల సంతలు తిరగాలె, నువ్వు దొంగతిండి తినాలె!"

అమ్మ మిషన్ దగ్గరికి పోయి కూర్చున్నది గానీ తొక్కలేదు. దారం ఎక్కించడానికి సూదిని చాలాసేపు చూస్తూ ఉన్నది.

అమ్మ ఏసయ్య పేరు ఊరికే ఎత్తదు. ఆమె అబద్ధం చెప్పలేదని నాకు తెలుసు. ఆమె తింటున్నదని కూడా నాకు తెలుసు.

ప్రార్థన చేయకుండా అమ్మ చాయి కూడా తాగదు. బాపు, నేను, కరుణ తిన్నాక తన కంచం పెట్టుకొని, కళ్ళు మూసుకొని ప్రార్థన చేసి, తన రొట్టె తిని లేస్తుంది. అమ్మ దృష్టిలో అక్కడితో తినడం అయిపోయింది. ఆ తర్వాత గిన్నెలన్నీ ఎత్తి వెనుక నల్లా దగ్గరికి తీసుకుపోతుంది. నీళ్ళు పోసేముందు అన్నం గిన్నె అడుగు గీకుతుంది. కరుణ వదిలేసిన ముద్దలు అందులో వేస్తుంది. కూర గిన్నెను ఆ అన్నంతోనే తుడిచి, నిలబడే, ఆ చేత్తోనే నోట్లో వేసుకుంటుంది. ఆ వెంటనే బూడిద అందుకుంటుంది. పొద్దున మిగిలిన అన్నం సంగతీ అంతే, బాపు టిఫిన్ డబ్బాలో తిరిగి వచ్చిన అన్నం సంగతీ అంతే. అది ఆమెకు తిండి కాదు, గిన్నెలు తోమే పనిలో మొదటి భాగం.

ఇది బాపుకు ఎట్లా చెప్పాలో నాకు తెలియలేదు. బడిలో హాజరు పలకడానికే నేను రెండుసార్లు పిలిపించుకుంటాను. చెబితే అమ్మను నేనే పట్టిచ్చినట్టు అవుతుంది. చెప్పకపోతే ఆపరేషన్ జరగదు, ఆ ఉబ్బు అట్లాగే ఉంటుంది. ఆ రోజు డైరీ తెరిచి తేదీ మాత్రం వేసి మూసేశాను.

తెల్లారి బాపు బస్సు కోసం బయలుదేరితే రోడ్డు దాకా వెంట నడిచాను. మాట బయటికి రావడానికి రోడ్డు దాకా పట్టింది.

"బాపు, అమ్మ అబద్ధం చెప్పలే."

"నీకేమెరుక?"

"నువ్వు ఇయ్యాల అందరికంటె ఎనుక తిను. తిని, గిన్నెలు గూడ నువ్వే తోము."

"ఎందుకే?"

"ఊకెనే" అని వెనక్కి తిరిగి, చూడకుండా ఇంటికి వచ్చేశాను.

బాపు మరిచిపోయి ఉంటాడనుకున్నాను. కానీ ఆ రాత్రి కంచాలు పెట్టగానే, "మీరు ముగ్గురు తినుండ్రి. నేను ఎనుక తింట" అన్నాడు.

"పానం మంచిగలేదా?" అన్నది అమ్మ.

"మంచిగనే ఉన్నది. నువ్వు కూసో."

అమ్మ సగం కూర్చుని, ఎవరో తరుముతున్నట్టు తిన్నది. బాపు మాకు వడ్డించి, తర్వాత తను తిని, గిన్నెలన్నీ ఎత్తుకొని నల్లా దగ్గరికి పోయాడు. అమ్మ లేవబోతే కూర్చోమని చెయ్యి చూపాడు. నేను గడప మీద పుస్తకం పట్టుకొని కూర్చున్నాను.

గిన్నెలో అన్నం మిగిలింది. కరుణ కంచంలో సగం అట్లాగే ఉన్నది. పొద్దుటి అన్నం మూత కింద ఉన్నది. బాపు వాటిని ఒక దాంట్లోకి వంచి, పారేయడానికి అటూ ఇటూ చూశాడు. మాకు బర్రె లేదు, కోళ్ళు లేవు. చివరికి కూర గిన్నెలో కలిపి, ఒక్కో ముద్దా మింగాడు. చివరి ముద్దలకు నీళ్ళు తాగాల్సి వచ్చింది.

"మరియా."

"ఏంది?"

"గిదంత రోజు నువ్వే తింటున్నవా?"

"తినుడేంది? పారేయకుంట నోట్లె ఏసుకుంట."

బాపు నవ్వుతాడేమోనని భయపడ్డాను. నవ్వలేదు. "నోట్లె ఏసుకున్నది యాడికి పోతది?" అని మెల్లగా అడిగాడు.

అమ్మ బాపు చేతిలోని గిన్నెను చూసింది. "ప్రార్థన జేసి తిన్నదే తిండనుకున్న" అన్నది. మళ్ళీ, "అబద్ధమైతే ఆడలే" అన్నది.

"ఎరుకే. నాదే నోరు మంచిది కాదు."

అక్కడితో పని అయిపోలేదు. మిగిలింది బాపే తినడం మొదలుపెట్టాడు. కొన్నాళ్ళకు బెల్టు మీద కొత్త రంధ్రం వేసుకున్నాడు.

"కాలేజీల డ్రైవర్లు నాకు ఎన్నో నెల అని అడుగుతున్నరు మరియా."

"మరేం జేద్దాం?"

"బియ్యమే తక్కువ పెట్టు."

ఇక్కడ అమ్మ కదలలేదు. మాకు సరిపోయిన తర్వాత ఇంకో దోసెడు వేయడం ఆమెకు వాళ్ళమ్మ నేర్పింది. "ఎవలన్న ఒస్తే?" అన్నది.

"ఒస్తే అప్పుడు ఒండుదాం."

"గిన్నె ఖాళీగ పెట్టుకొని ఒచ్చినోళ్ళ మొకం ఎట్ల సూడాలె?"

బాపు ఉబ్బు మీదికి పోయిన ఆమె చెయ్యిని చూశాడు. అమ్మ కూడా చూసుకుంది. మరునాటి నుంచి బియ్యం తక్కువ పోసింది.

ఆమె భయపడిందే జరిగింది. ఒక మాపు మేము తినడం అయిపోయి, అమ్మ కంచం ముందు కూర్చున్నప్పుడు యాచారం నుంచి సంజీవ మామ వచ్చాడు. అమ్మకు సొంత అన్న. గిన్నెలో ఒక్క మెతుకు లేదు. అమ్మ మొహం చూడలేకపోయాను. తన రొట్టె కంచాన్ని మామ వైపు జరిపింది. బాపు దాన్ని మళ్ళీ అమ్మ ముందుకే జరిపి, లేచి బియ్యం కడగడానికి పోయాడు.

"జరసేపాగు బావా. ఉడుకుడుకు పెడ్త."

మామ ఆశ్చర్యంగా చూశాడు. "పెండ్లయిన కొత్తల నీకు చాయి పెట్టుడు గూడ రాకపోతుండె. గంజి ఒంచేటప్పుడు పైలం, కాలు మీద పోసుకుంటే రేపు బస్సు ఎవలు నడుపుతరు?"

"నువ్వు నడుపు. ఖాళీగనే ఉన్నవ్ గద."

మామ పెద్దగా నవ్వి అమ్మ వైపు తిరిగాడు. "నువ్వు తినవే చెల్లె. రొట్టె సల్లారుతది."

వచ్చినవాళ్ళ కంటే ముందు అమ్మ ఎప్పుడూ తినలేదు. కళ్ళు మూసుకొని ప్రార్థన చేసింది. ఎప్పటికన్నా ఎక్కువసేపు చేసింది. తర్వాత ఆకలితో ఉన్న అన్న ఎదురుగా, తల వంచుకొని, తుంచి తుంచి తిన్నది. బరువు తగ్గడానికి అమ్మ చేసిన వాటన్నిటిలో ఆ ఒక్క రొట్టె తినడమే కష్టమైందని నేను అనుకుంటాను. మామ బాపు వండిన అన్నం తిని, జర మెత్తగయిందని వంక పెట్టి, ఇంకొంచెం అడిగి వేయించుకున్నాడు.

నా పరీక్షలు అయిపోయాక అమ్మతో నేను కూడా దవాఖానకు పోయాను. డాక్టరమ్మ కాటా చూసి, ఇంకా ఒక కిలో తగ్గాల్సి ఉంది కానీ ఏం కాదు, వచ్చే నెల ఆపరేషన్ చేద్దాం అన్నది. బాపు రెండోసారి అడిగి మళ్ళీ చెప్పించుకున్నాడు. అమ్మ మాత్రం ఆపరేషన్ అయినంక ఎన్ని దినాలకు మిషన్ తొక్కొచ్చు అని అడిగింది.

బస్టాండు దగ్గర అమ్మకు మిరపకాయ బజ్జీ తినాలనిపించింది. బాపు కొనిచ్చాడు. అమ్మ అక్కడే బెంచీ మీద కూర్చొని కళ్ళు మూసుకుంది. జనం చూస్తున్నారని నాకు సిగ్గేసింది, అయినా పక్కనే కూర్చున్నాను. ఒకటి తిన్నది. రెండోది సగం తిని ఆగింది.

"నాకు చాలు" అన్నది.

మిగిలిన సగం చేతిలోనే ఉన్నది. నన్ను చూసింది, బాపును చూసింది. మా ఇద్దరి కడుపులూ నిండే ఉన్నాయి. బాపు చెయ్యి చాపబోయి ఆపుకున్నాడు. అమ్మ ఆ బజ్జీని కాగితంలో చుట్టి, మళ్ళీ విప్పి, మళ్ళీ చుట్టింది. బస్సు వచ్చింది. అమ్మ లేచి పక్కనున్న చెత్త డబ్బా దాకా నడిచి, ఎవరైనా చూస్తున్నారా అని ఒకసారి వెనక్కి చూసి, కాగితాన్ని అందులో వేసింది. తర్వాత గబగబా వచ్చి మా కంటే ముందే బస్సెక్కింది.