బోరబండ రైలు కూత

నాలుగు నెలలుగా నాకు ఒకటే భయం, నా చెవుల గురించి. కాలింగ్ బెల్ మోగితే మా అమ్మాయి ప్రణతి లోపలి గదిలోంచి వచ్చి తలుపు తీస్తోంది, నేను ఆ తలుపు పక్కనే ఉన్నా సరే. డాక్టర్ దగ్గరికి వెళ్లలేదు. వెళితే ఆయన కాగితం మీద రాసేస్తాడు. వయొలిన్ వాయించి బతికేదాన్ని, ఆ కాగితం ఏం చేసుకోను?

ఆ భయంతోనే ఆ రోజు ఫిలింనగర్ స్టూడియోలో కూర్చున్నాను. సినిమా మొదట్లో పేర్లు పడేటప్పుడు వచ్చే మూడు నిమిషాల సంగీతం. పాట లేదు, మాట లేదు, ఉన్నదంతా హైదరాబాదే. మా వయొలిన్లు పొద్దుటి ట్రాఫిక్‌లా ఉరుకుతాయి. ట్రంపెట్ ఆటోవాడిలా మధ్యలో దూరి విసిగిస్తుంది. బరువు గొంతు సెల్లోలు జూబ్లీహిల్స్ ఎత్తు ఎక్కలేక ఆయాసపడతాయి. ముప్పై ఏళ్లుగా తిట్టుకుంటూ తిరిగిన ఊరు ఇంత ముద్దొస్తుందని అది వాయిస్తుంటేనే తెలిసింది.

చివర్లో అన్నీ ఆగిపోయి ఫ్లూట్ ఒక్కటే సన్నగా పలకాలి. అది వాయించే కమలాకర్‌ది బోరబండ.

"అక్కా, గది మా పొద్దుగాల రైలు కూత. ఎట్లుందో నువ్వే చెప్పాలె," అన్నాడు.

మాది పక్కనే మోతీనగర్. ఆ కూత మా వంటింట్లోకి వినిపించేది.

టేక్ అయ్యాక సంగీత దర్శకుడు రవిచంద్ర గారు అందరినీ స్పీకర్ల ముందు కూర్చోబెట్టారు. "చివరి ముక్క రెండుసార్లు వినిపిస్తాను. ఒకసారి ఫ్లూట్‌తో, ఒకసారి ఫ్లూట్ లేకుండా, ఏది ముందో చెప్పను. ఏది బాగుందో చెప్పండి."

రెండుసార్లూ నాకు చివర ఏమీ వినపడలేదు. పక్కవాళ్ల ముఖాలు చూశాను. రెండోసారి ట్రంపెట్ ఆయన హాయిగా కళ్లు మూసుకున్నాడు. హమ్మయ్య, జవాబు దొరికిందనుకున్నాను.

"నాగేశ్వరి గారూ, సీనియర్ మీరు. ముందు మీరు చెప్పండి."

"రెండోదేనండీ. ఆ ఫ్లూట్‌తో దానికి ప్రాణం లేచొచ్చిందనుకోండి!"

ట్రంపెట్ ఆయన పెదాలు చిన్నగా గురక పెడుతున్నట్టు కదిలాయి. అప్పుడర్థమైంది, కునుకు తీస్తున్నాడు.

"రెండోదాంట్లో ఫ్లూట్ లేదు కదండీ?" అన్నారు రవిచంద్ర గారు.

రేపట్నుంచి నన్ను ఎవరు పిలుస్తారు?

"సార్, అక్క మొదటిదే అంటున్నది," కమలాకర్ నవ్వేశాడు. "పొద్దట్నుంచి చాయ్ తాగలే, పరేషాన్ అయింది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

బయట మెట్ల దగ్గర కమలాకర్ నవ్వడం లేదు.

"ఎప్పట్సంది ఇనవడ్తలేదక్కా?"

బుకాయిద్దామనుకున్నాను. నోట్లోంచి ఇంకోటి వచ్చింది. "మీ పొద్దుటి రైలు టైము మార్చారు కదూ, కమలాకర్? రెండు నెలలుగా రావట్లేదు."

అతను నా చేతిలోని వయొలిన్ పెట్టె అందుకున్నాడు.

"మార్చలేదక్కా. రోజూ వస్తది."