ఫ్రిజ్‌లో రెండు సెకన్లు

మూడో రీలు సగం తిరిగేసరికి ఆవిడ ఎడమచేతి బొటనవేలు ఆగింది. కన్ను చూడకముందే వేలు చూడడం ఆవిడకి ముప్ఫై ఒక్కేళ్ళ అలవాటు. నూలు తొడుగు వేసుకున్న వేళ్ళ మధ్యనుంచి ఫిల్ము అంచు ఒరుసుకుంటూ పోతుంది, కుడిచెయ్యి చక్రం తిప్పుతూ ఉంటుంది, ఎక్కడైనా అంచున చిల్లు చిరిగి ఉంటే వేలికి గరుగ్గా తగులుతుంది. ఇప్పుడూ తగిలింది. చక్రం ఆపి, కింద దీపం ఉన్న గాజుపలక మీద ఆ ముక్క పరిచి, చిన్న అతుకు వేసి, మళ్ళీ తిప్పింది. చేతులు ఇంత పని చేస్తున్నా ఆవిడ చూపు మాత్రం బల్ల చివర, తువ్వాలు మీద పెట్టిన చిన్న రేకు డబ్బా మీదే ఉంది.

డబ్బాకి ఇంకా చెమటలు పోస్తున్నాయి. ఆవిడకీ పోస్తున్నాయి.

ఆ ఫిల్ము గోదాములో ఆవిణ్ణి అందరూ కత్తెరమ్మ అంటారు. అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎవరి నోటా లేదు. ఆఖరికి ఇంట్లో ఆడపడుచు కూడా "మా కత్తెరమ్మ వదిన" అనే చెప్పుకుంటుంది. బయటికి వెళ్ళే ప్రతి సినిమా, తిరిగొచ్చే ప్రతి సినిమా ఆవిడ వేళ్ళ మీదుగా నడవాల్సిందే. తెగినవి అతుకుతుంది, మురికి తుడుస్తుంది, పెట్టె మీద చీటీ రాసి అంటిస్తుంది. గోదాము చూడవచ్చిన పెద్దమనుషులందరికీ సూపర్‌వైజరు ఆవిణ్ణి చూపించి ఒకటే మాట చెబుతాడు: "పేరుకే కత్తెరమ్మండీ. అవసరం లేనిదే వెంట్రుకవాసి కొయ్యదు." ఆవిడ తల దించుకుంటుంది. ఆయన దాన్ని వినయం అనుకుంటాడు. పాపం, పంతొమ్మిదేళ్ళుగా అలాగే అనుకుంటున్నాడు.

ఈవేళ బల్ల మీదున్నది ఓ ఫ్రెంచి సినిమా. తీసినావిడ తరవాత పెద్ద పెద్ద సినిమాలు తీసి బోలెడు పేరు తెచ్చుకుందిట గానీ, ఇది మొట్టమొదటిది. ముప్ఫై ఏళ్ళు నిండకుండా, సొంత ఇంట్లో, సొంత తల్లిని పెట్టి తీసింది. కథంటూ ఏమీ లేదు. ఓ వంటగది, ఓ కిటికీ, తలకి నీలం రుమాలు కట్టుకుని పనులు చేసుకునే తల్లి. కూతురు తనని సినిమా తియ్యడం ఆ తల్లికి ఇష్టం లేదు. పొమ్మనలేదు, అలాగని మొహమూ చూపించలేదు. గిన్నెలు తోముతున్నా, బట్టలు ఇస్త్రీ చేస్తున్నా గంటన్నర సేపు ఆవిడ వీపే కనిపిస్తుంది. నాలుగో రీల్లో ఒక్కసారి, రెండంటే రెండు సెకన్లు, వెనక్కి తిరిగి కెమెరా వెనకున్న కూతుర్ని చూస్తుంది.

పంతొమ్మిదేళ్ళ కిందటిదాకా చూసేది.

ఆ సినిమా మొదటిసారి చేతికొచ్చిన రోజు కత్తెరమ్మ మధ్యాహ్నం తిండి మర్చిపోయింది. అప్పటికే వందలాది సినిమాలు ఆవిడ వేళ్ళ మీదుగా పోయాయి. కొట్లాటలు, పెళ్ళిళ్ళు, చావులు అన్నీ ఆవిడకి ఒకటే, చిరుగులు ఎన్ని, అతుకులు ఎన్ని అని తప్ప. ఇది అలా పోనివ్వలేదు. ఎవరో పిల్ల తన కడుపులోదంతా దాచుకోకుండా బయట పెట్టేసింది అనిపించింది. కెమెరా ఎక్కడా కదలదు. గడప దగ్గర నిలబడి, చూడవే, ఒక్కసారి ఇటు చూడవే అని మొండికేసిన పిల్లలా అక్కడే ఉంటుంది. అంత కోపం, అంత ప్రేమ కలిపి ఒక వీపు మీద పెట్టి తియ్యొచ్చని ఆవిడకి అంతవరకూ తెలీదు.

అయితే ఆవిడ దాన్ని తెర మీద చూడనేలేదు. పైన హాల్లో ఒక సినిమా ఆడుతుంటే కింద ఆవిడ ఇంకోటి తిప్పుతూ ఉంటుంది. ఆవిడకి సినిమా అంటే దీపం మీద కదలకుండా పడుకున్న బొమ్మల వరస.

ఆ వరసలోనే, నాలుగో రీల్లో, నీలం రుమాలు కట్టుకున్నావిడ తిరగడం చూసింది. చూసి చక్రం వదిలేసింది. అచ్చం అమ్మ.

కత్తెరమ్మ తొమ్మిదో ఏట తల్లి పోయింది. పెద్ద లాండ్రీలో దుప్పట్లు పిండే మనిషి. ఫొటో అంటూ ఒక్కటే ఉంది, లాండ్రీవాళ్ళందరినీ వరసగా నిలబెట్టి తీసింది. అందరూ రాళ్ళలా నిలబడ్డారు, అమ్మ మాత్రం కదిలింది. మెడ పైన మొహం లేదు, తెల్లటి మసక. "నువ్వే చెయ్యి పట్టుకు లాగావే, అందుకే కదిలింది," అని పిన్ని ఓసారి మాటవరసకి అంది. ఆ మాట పిల్ల మనసులో ముల్లులా దిగబడిపోయింది. అమ్మ మొహం లేకుండా చేసింది తనే. ఆ ఫొటోని బీరువా వెనక గోడకి తిప్పిపెట్టింది, ఎవరడిగినా అమ్మ ఫొటో లేదనే చెప్పింది.

అందుకని ఆ రోజు ఆ రెండు సెకన్లనీ, అంటే నలభై ఎనిమిది ఫ్రేముల్ని, కోసింది. మిగిలిన రెండు కొసల్నీ ఎంత శుభ్రంగా అతికిందంటే, పైన హాల్లో సినిమా వేసే ఆపరేటరు కూడా పోల్చలేదు. ముక్కని చుట్టి డబ్బాలో పెట్టి, ఇంటికి పట్టుకుపోయి ఫ్రిజ్‌లో ఐసు అరలో దాచింది. రంగు ఫిల్ము చలిలో ఉంటేనే నిలుస్తుందని ఆ పనిలో ఉన్నవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఏడాదికోసారి తీసి, కిటికీ వెలుగులో చూసుకుని మళ్ళీ లోపల పెట్టేది. మొగుడు పోయేదాకా ఒక్కమాట అడగలేదు. ఆడపడుచు మాత్రం ఐసు గీకినప్పుడల్లా, "వజ్రాలేమైనా దాచావా వదినా?" అనేది.

పదిరోజుల కిందట కబురొచ్చింది. లోకంలో ఆ సినిమా ప్రింట్లన్నీ పోయాయట, మిగిలింది ఈ గోదాములోదేనట. డైరెక్టరుకి ఎనభై ఒకటి, ఒంట్లో బాగాలేదు, ఒక్కసారి చూసుకుని పోతానని వస్తోందట. ఈవేళ నాలుగింటికి.

అప్పట్నుంచీ కత్తెరమ్మకి కంటిమీద కునుకు లేదు. సొంత తల్లి ఒకే ఒక్కసారి తనవైపు చూసిన చూపు కనపడకపోతే ఏ కూతురు ఊరుకుంటుంది? ఆ ముక్క తిరిగి పెట్టెయ్యాలి. ఎవరికీ తెలీకుండా, ఎలా తీసిందో అలాగే.

చిక్కల్లా చలితోనే వచ్చింది. గడ్డకట్టిన ఫిల్మును వెంటనే తెరిస్తే మంచు పట్టి బొమ్మ కరిగి ఊడొస్తుంది. గది వేడికి వచ్చేదాకా మూత తియ్యకూడదు. అంటే పన్నెండు దాకా ఆ డబ్బా అందరి కళ్ళెదుటా అలా కూర్చోవలసిందే.

పదకొండింటికి సూపర్‌వైజరు వచ్చాడు. కొత్త చొక్కా, చేతిలో కాగితాలు, కాలు ఒకచోట నిలవడం లేదు.

"ఎంతదాకా వచ్చిందండీ?"

"మూడయింది సార్. నాలుగోది తరవాత."

"పరువు మీ చేతుల్లో ఉంది కత్తెరమ్మగారూ." అని బల్ల మీద చెయ్యి ఆనించబోయి డబ్బాని తాకాడు. "ఇదేంటి, ఇంత చల్లగా ఉంది?"

ఆవిడ చక్రం ఆపలేదు. "మందు సార్," అంది.

"ఇన్సులినా? మా ఆవిడకీ అదే." ఆయన గొంతు మెత్తబడింది. డబ్బాని మెల్లిగా ఎండ తగలని వైపుకి జరిపాడు. "పని ధ్యాసలో పడి మర్చిపోకండి. టైముకి వేసుకోండి."

ఆయన వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది.

పన్నెండు దాటాక చెమటంతా ఆరింది. తలుపు గడియపెట్టి మూత తీసింది. నాలుగో రీలు విప్పి, తన పాత అతుకు వెతికి పట్టుకుని, ముక్కని దాని పక్కనే గాజుపలక మీద పరిచింది.

రీలు ఎర్రగా ఉంది. గోదాములో చలిమిషను చెడిపోయి ఎనిమిదేళ్ళయింది. సూపర్‌వైజరు రాసిన ఉత్తరాలు ఏ సొరుగులో పడ్డాయో, మిషను మాత్రం బాగవలేదు. నీలాలు, ఆకుపచ్చలు ఎప్పుడో పోయాయి. గోడలు, గిన్నెలు, రుమాలు, అన్నీ ఇటిక రంగుకి తిరిగాయి. ఇన్నేళ్ళుగా కొద్దికొద్దిగా మారుతూ వచ్చింది కాబట్టి ఆవిడకి పట్టలేదు. తన డబ్బాలో ముక్క మాత్రం నిన్న కడిగినట్టుంది. రుమాలు నీలం. కిటికీ అవతల చెట్టు పచ్చన.

దీన్ని అందులో పెడితే గుడ్డివాడికి కూడా తెలుస్తుంది.

పెట్టకపోతే? పాతబడి తెగిపోయిందంటే సరి. ముసలావిడ బాధపడుతుంది, వెళ్ళిపోతుంది. ఎవరూ ఏమీ అడగరు. ఉద్యోగం ఇంకా రెండేళ్ళుంది. డబ్బా మళ్ళీ ఐసు అరలోకి పోతుంది. ఆవిడ ముక్కని చుట్టడం కూడా మొదలుపెట్టింది. చుడుతూ చుడుతూ గాజుపలక వైపు చూసింది. అక్కడ రీల్లో తల్లి వీపు, వీపు, వీపు, తరవాత తన అతుకు, మళ్ళీ వీపు. ఆ పిల్ల గడప దగ్గర అన్నాళ్ళు నిలబడి సంపాదించుకున్నది ఆ రెండు సెకన్లే. దాన్ని కోసి తన ఇంట్లో పెట్టుకుంది.

"నేను మనిషినేనా," అని పైకే అనుకుంది.

అతుకు మిషను ముందుకు లాక్కుంది. పాత అతుకు విప్పింది. కొత్త అతుకు పడాలంటే కొసన ఒక ఫ్రేము వదులుకోవాలి. మొదటి ఫ్రేము కోసి డబ్బాలో వేసి, అంచు గీకి, ఘాటు జిగురు రాసి, నొక్కి పట్టి ఇరవైదాకా లెక్కపెట్టింది. రెండో కొసన ఎర్ర రీలువైపు ఫ్రేము వదిలి అతికింది.

మూడింటికి ఆపరేటరు రీళ్ళకోసం వచ్చాడు. ఆవిడకంటే ముందునుంచీ ఉన్నవాడు, ఇద్దరూ అన్నాచెల్లెళ్ళ వరస కలుపుకున్నారు.

"అన్నయ్యా, నాలుగో రీల్లో రెండు పచ్చి అతుకులున్నాయి. కాస్త చూసుకో."

"నువ్వేసినవి ఊడితే నా మీసం తీసేస్తానమ్మాయ్."

"తియ్యాల్సొస్తుందేమో. ఇవాళ నేను హాల్లో కూర్చుంటా."

ఆయన రీళ్ళు పట్టుకుని ఆగిపోయాడు. "ఏం, ఒంట్లో బాగానే ఉందా?" అన్నాడు.

హాల్లో పాతికమంది ఉన్నారు. ముందు వరసలో డైరెక్టరు, చేతికర్ర ఒళ్ళో పెట్టుకుని, కుర్చీలో సగానికి కూడా సరిపోని మనిషి. పక్కన ఫ్రెంచి మాటలు తర్జుమా చేసే అమ్మాయి. కత్తెరమ్మ చివరి వరసలో అంచు కుర్చీలో కూర్చుంది. దీపాలు ఆరాయి.

ఎర్రటి వంటగది తెరంతా నిండింది. ఎర్రటి తల్లి, ఎర్రటి ఆవిరి. వరసలో ఎవరో అయ్యో అన్నారు. డైరెక్టరు తల కదపలేదు. కత్తెరమ్మకి ఏ చోట ఏ చిరుగుందో తెలుసు, కానీ ఆ మనిషి నడుస్తుందని తెలీదు. కాస్త కుడికాలు ఈడుస్తుంది. గిన్నె పెట్టేటప్పుడు కోపమంతా దాని మీద చూపిస్తుంది. ఇన్నేళ్ళు చేతుల్లో తిప్పినదాన్ని ఇప్పుడే కలుసుకున్నట్టుంది.

నాలుగో రీలు. ఆవిడ కుర్చీ చేతులు పట్టుకుంది. ఇస్త్రీ అయింది, దుప్పటి మడత అయింది. టిక్కుమని చిన్న చప్పుడు.

అతుకు నిలబడింది. తెర మీద ఒక్కసారిగా నీలం.

రుమాలు కదిలింది, ముందు గడ్డం, తరవాత చెంప, తరవాత కళ్ళు. ఇంకా అక్కడే ఉన్నావా అన్న విసుగుతో మొదలై, అది పూర్తికాకుండానే మెత్తబడిపోయిన చూపు. మళ్ళీ టిక్కుమంది. ఎరుపు.

ఆవిడ కత్తెరమ్మ తల్లి కాదు. ఏమాత్రం కాదు. దీపం మీద కదలకుండా ఉన్నన్నాళ్ళూ అమ్మే, కదిలేసరికి పూర్తిగా ఇంకొకరి అమ్మ. ఆ చూపు ముందు వరసలో ఉన్న ఆ చిన్న మనిషిది, ఇంకెవరికీ చెందదు.

అప్పుడు ఆవిడకి బీరువా వెనక ఫొటో గుర్తొచ్చింది. మసక. గడ్డం, చెంప, కళ్ళు, అన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయిన తెల్లటి మసక. అందరూ కెమెరా కేసి చూస్తుంటే, తను చెయ్యి లాగితే, అమ్మ తనకేసి తిరిగింది. ఆ మసక అమ్మ తనని చూడడమే. యాభై ఏళ్ళు గోడకి తిప్పిపెట్టింది దాన్ని. ఆవిడకి ఏడుపు ఆగలేదు, ఆపుకోనూ లేదు.

దీపాలు వెలిగాయి. సూపర్‌వైజరు మొహం కందగడ్డలా ఉంది. "ఆ ముక్క ఎక్కడిది? ఎవరు పెట్టారు?"

కత్తెరమ్మ లేచి ముందుకి నడిచింది. "నేనే సార్. కోసిందీ నేనే. పంతొమ్మిదేళ్ళనుంచి మా ఇంట్లో ఫ్రిజ్‌లో ఉంది. మా అమ్మలా ఉందని కోశాను."

ఆ అమ్మాయి ఫ్రెంచిలో తర్జుమా చేసి చెప్పింది. డైరెక్టరు భుజాలు అదిరాయి. ఏడుస్తోందనుకున్నారు గానీ నవ్వుతోంది, కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి.

"వాళ్ళమ్మకి చలంటే అస్సలు గిట్టేది కాదట," అంది ఆ అమ్మాయి. "పంతొమ్మిదేళ్ళు ఐసులో కూర్చోబెట్టారా అంటున్నారు. నాలుగు నెలలు తీస్తే ఒక్కసారి చూసిందట. ఈమధ్య అది కూడా కలగన్నానేమో అనుకుంటున్నారట. రుమాలు నీలమని మర్చేపోయారట."

డైరెక్టరు కత్తెరమ్మ చెయ్యి అందుకుని, తొడుగు మీదనుంచే వేళ్ళు ఒక్కొక్కటీ నొక్కి చూసింది. తరవాత కర్ర ఊతం చేసుకుని లేచి వెళ్ళిపోయింది. కారు తలుపు మూసిన చప్పుడు లోపలికి వినిపించింది.

కింద గదిలో సూపర్‌వైజరు నిలబడే ఉన్నాడు. "అందరికీ చెప్పుకున్నానండీ మీ గురించి," అన్నాడు. "ఒక్కరిని వదలకుండా."

"తెలుసు సార్. మీరు చెప్పిన ప్రతిసారీ చచ్చాను."

"రేపట్నుంచి..." అన్నాడాయన.

"రాను సార్." ఆవిడ జరిగింది జరిగినట్టు మూడు వాక్యాల్లో రాసి సంతకం పెట్టింది. సంతకంలో అసలు పేరు రాయడానికి ఒక క్షణం పట్టింది. తొడుగులు విప్పి మడతపెట్టి, సంచీ భుజానికి వేసుకుంది.

"మీ మందు మర్చిపోయారు," అన్నాడాయన, అలవాటు కొద్దీ.

"అది ఇక్కడిదే సార్," అని ఆవిడ మెట్లెక్కి వెళ్ళిపోయింది. ఇంటికెళ్ళి బీరువా జరపాలి, ఆడపడుచు ఓ చెయ్యి వేస్తే తప్ప అది కదలదు.

ఆయన చాలాసేపటికి డబ్బా మూత తీశాడు. అడుగున ఒక్కటే ఫ్రేము ఉంది, నీలం రుమాలు, ఇంకా తిరగని తల.