అత్తయ్య పద్దు

ప్రెస్సు మూతపడ్డాక, అక్కడ ప్రూఫులు దిద్దే కోడలికి కాలూ చేయీ ఆడలేదు. ఇక ఇల్లంతా భర్త బస్సు నడిపి తెచ్చే జీతం మీదే నడవాలి. అందుకని కంప్యూటర్‌లో లెక్కల ప్రోగ్రాం ఒకటి పెట్టుకుంది. అందులో గళ్లూ బొమ్మలూ ఉండవు. ఖర్చును ఉత్త అక్షరాల్లో పంక్తి కింద పంక్తిగా రాసుకుంటూ పోతే, ఏ పద్దు కింద ఎంత పోయిందో, అనుకున్న హద్దు దాటిందో లేదో అదే కూడి చెబుతుంది.

పద్దులు విడదీయడం దగ్గరే ఆమెకు మనసు నిలవలేదు. సబ్బును పొద్దున ‘ఇల్లు’ కింద రాసి, మధ్యాహ్నం ‘శుభ్రత’ కిందికి మార్చి, సాయంత్రం మళ్లీ మొదటికే తెచ్చేది.

“మనం రుద్దుకోకముందే అరిగిపోయేలా ఉంది ఆ సబ్బు,” అన్నాడు భర్త. ఆమె నవ్వలేదు.

చివరికి విసిగి, మనుషుల వారీగా రాసేసింది: ఆయన, నేను, అత్తయ్య.

ఓ మధ్యాహ్నం పొయ్యి కట్టేసి వచ్చేసరికి అత్తగారు తెర ముందు నిలబడి ఉంది. “కళ్లజోడు ఇక్కడేమైనా పెట్టానేమోనని,” అంటూ వెళ్లిపోయింది. తెర మీద ఎర్రగా ఉంది: ‘అత్తయ్య – హద్దు దాటింది.’

కోడలు గబగబా తెర ఆర్పేసింది. కళ్లజోడు లేకుండా ఏం చదివి ఉంటుందిలే అని సర్దిచెప్పుకుంది గానీ, ఆ రోజు నుంచి కుదురుగా కూర్చోలేకపోయింది. అత్తగారు పాలు లేని టీ తాగుతోంది. బస్సెక్కడం మానేసి నడుస్తోంది. ఒకరోజు చూస్తే, ఆమె కంట్లో వేసుకునే చుక్కల మందు సీసా ఖాళీగా ఉంది.

“మందు అయిపోతే చెప్పరేం అత్తయ్యా?”

“హద్దు దాటానుగా.”

“కళ్లజోడు లేకుండానే చదివారా?”

“అంత ఎర్రగా రాస్తే కనబడదా తల్లీ?”

“అది మందుల లెక్కండీ, మీ లెక్క కాదు.”

“పేరు నాదేగా?”

కోడలు పరుగున వెళ్లి మందు తెచ్చి, తనే కంట్లో చుక్కలు వేసింది. తర్వాత కూర్చుని మనుషుల పేర్లన్నీ చెరిపేసి, ‘వైద్యం’, ‘ప్రయాణం’, ‘తిండి’ అని మార్చింది. అత్తగారు పక్కనే స్టూలు వేసుకుని చూస్తూ ఉండిపోయింది.

“ఇంకోటి రాస్తావా?” అంది కాసేపటికి. “ఈత. పెద్దాళ్లకీ నేర్పుతున్నారట.”

“ఈ వయసులోనా?”

“మరి కాళ్లు పడిపోయాకా?”

ఎలా సర్దినా ఫీజుకు చోటు దొరకలేదు. మర్నాడు కోడలు వీధి చివర ఉండే లాయరు దగ్గరికి వెళ్లి, టైపు చేసిన కాగితాల్లో తప్పులు దిద్దే పని అడిగి తెచ్చుకుంది.

మొదటి రోజు అత్తగారు ఈతకొలను అంచు పట్టుకుని వదల్లేదు. “చెయ్యి తీశావంటే ఊరుకోను!” అని నేర్పే అమ్మాయి మీద కేకలేసింది. కోడలు బల్ల మీద కూర్చోలేక లేచి, నీళ్లలో అంచు వెంటే కదులుతున్న అత్తగారితో పాటే గట్టు మీద అటూ ఇటూ నడిచింది.